పిండి ఒకటే, పొంగే వేళలు వేరు

గుంటూరు బ్రాడీపేట నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు రాయొద్దన్నారు. రెండేళ్లుగా ఇంట్లోనే బ్రెడ్డు, పావ్, కొబ్బరి బన్నులు చేసి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకు ఇస్తున్నారట. ఆదివారాలు పిజ్జా బేసులు కూడా. అన్నిటికీ ఒకే పిండి. తెల్లవారుజామున నాలుగున్నరకు గ్రైండర్‌కు పిండి కలిపే గిన్నె తగిలించి, కిలో చొప్పున రెండు వాయిలు వెంటవెంటనే కలిపేస్తారు. కిలో మైదాకు 600 గ్రాముల నీళ్లు, 60 గ్రాముల పంచదార, 60 గ్రాముల వెన్న, 30 గ్రాముల పాలపొడి, 18 గ్రాముల ఉప్పు, 10 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్. ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఒక్కటే కాబట్టి ముందు మూడు బ్రెడ్డులు, తర్వాత పావ్, ఆఖర్న బన్నులు.

చలికాలమంతా సాఫీగా నడిచింది. మార్చి నుంచి తిప్పలు. బ్రెడ్డు బాగానే వస్తోంది. పావ్ రెండో రోజుకే పొడిపొడిగా రాలిపోతోంది. బన్నులైతే ట్రే లోపలికి పెట్టేలోపే చప్పబడిపోతున్నాయి, ఎంతసేపు కాల్చినా రంగు రాదు, కొరికితే పులుపు. లోపల కొబ్బరి ఓ మూలకు చేరి, పైనంతా డొల్ల. పిజ్జా బేసు తియ్యగా ఉందని రెండిళ్ల వాళ్లు మానేశారు. ఒకావిడ బ్రెడ్డును మర్నాడు సాయంత్రం తిరిగి తెచ్చిచ్చారు: లోపల జిగురుగా ఉందని, మగ్గిపోయిన పండు వాసన వేస్తోందని.

ఇదంతా వంటింటి సంగతి. ఉత్తరంలో సగానికి పైగా ఉన్నది మరో బాధ. ఈ పనిలో చేయి కలిపిన తోటికోడలు విజయవాడ వెళ్లి బేకరీ కోర్సు చేసి వచ్చింది. 'అక్కా, ఒక్కోదానికి ఒక్కో కొలత ఉంటుంది. ఒకే పిండితో నాలుగు రకాలు చేసి అమ్మడం జనాన్ని మోసం చేయడమే' అని అత్తగారి ముందే అనేసింది. నాలుగు కొలతలు కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది కూడా. 'ఆ అమ్మాయి రాకముందు రెండేళ్లు మా పిల్లల ఫీజులు కట్టింది ఈ పిండే' అని రాశారు ఈవిడ. అత్తగారు ఎటూ చెప్పరు, పొద్దున్నే పులుపు వాసన అంటూ కిటికీలు తెరుస్తారు. భర్త మానేయమంటారు. 'నాలుగు కొలతలకు మారనా? నా పిండినే పట్టుకుని ఉండనా? లేకపోతే ఎవరి పని వాళ్లం చూసుకుందామా? పావ్ మెరుపు గురించి, గోంగూర చికెన్ బన్ను గురించి కూడా వీలైతే చెప్పండి' అని ముగించారు.

సమాధానం:

ముందు ఆ 'మోసం' అన్న మాట తీసి పక్కన పెడదాం. చిన్న బేకరీల్లో ఒకే పిండిని టిన్నులో వేస్తే బ్రెడ్డు, చిన్న ఉండలు చేసి పక్కపక్కన పేరిస్తే పావ్, విడివిడిగా పెడితే బన్ను అవుతుంది. అది మామూలు పద్ధతే. మన వంటింట్లో ఇడ్లీ పిండి మూడో రోజుకు దోసెలూ ఊతప్పాలూ అయితే ఎవరూ మోసమనరు. మీ కొలత కూడా తప్పు కొలత కాదు. మైదాను 100 అనుకుంటే నీళ్లు 60, పంచదార 6, వెన్న 6, పాలపొడి 3, ఉప్పు 1.8. మెత్తటి సరుకుకు ఇది చక్కటి నడిమి కొలత. పంచదార 10 దాటితే ఈస్ట్ మందగిస్తుంది. వెన్న బాగా పెరిగితే పిండికి సాగుడు తగ్గి టిన్నులో నిలబడదు. మీరు ఆ రెండు గీతలకూ ఇవతలే ఉన్నారు.

అలాగని మీ తోటికోడలి మాట కొట్టిపారేయడానికీ లేదు. పిజ్జా విషయంలో ఆ అమ్మాయి చెప్పింది నిజం. బన్నుల విషయంలో మాత్రం రోగం ఉందని సరిగ్గానే పట్టుకుంది గానీ మందు వేరేది రాసింది.

మీ ఉత్తరంలోనే ఆధారం ఉంది. మొదట కాల్చిన బ్రెడ్డు బాగుంది, తర్వాతి పావ్ ఫర్వాలేదు, ఆఖరి బన్నులు పాడయ్యాయి. కొలతలో లోపం ఉంటే ముందు బ్రెడ్డే చెడాలి. ఇక్కడ వరస తప్పకుండా చెడుతోందంటే తేడా కాలంలో ఉంది. రెండో వాయి అయిదుంబావుకల్లా కలిపేశారు. బన్నులు ఓటీజీలోకి వెళ్లేసరికి ఎనిమిది. మూడు గంటలకు దగ్గర దగ్గర. డిసెంబరులో మీ వంటిల్లు తెల్లవారుజామున 20 డిగ్రీలుంటే ఆ మూడు గంటలూ సరిపోయాయి. ఏప్రిల్‌లో అదే వంటిల్లు 33, 34 ఉంటుంది. ఉరామరిగా చెప్పాలంటే వేడి 8 నుంచి 10 డిగ్రీలు పెరిగితే ఈస్ట్ పని రెండింతలవుతుంది. పైగా ఈస్ట్ చలికాలం లెక్క ప్రకారమే 10 గ్రాములు వేస్తున్నారు. పిండిలోని తీపినంతా ఈస్ట్ తినేసింది, కాల్చినప్పుడు రంగు రావడానికి పంచదార మిగల్లేదు. అందుకే తెల్లగా ఉంటున్నాయి. పిండికి సాగుడిచ్చే గ్లూటెన్ పట్టు వదిలింది, ట్రే కదిపితే గాలి దిగిపోతోంది. పులుపూ దానితోటిదే. అత్తగారు కిటికీలు తెరిచేదీ అందుకే.

కాబట్టి ఏ దారి పట్టినా ముందు చేయాల్సినవి రెండు. వేసవిలో ఈస్ట్ సగానికి, అంటే కిలోకు 5 గ్రాములకు తగ్గించండి. రెండోది, పిండి కలిపి ముగించేసరికి దాని వేడి 27 డిగ్రీల దగ్గర ఉండాలి. గుచ్చే థర్మామీటరు ఒకటి కొనుక్కోండి, అంతకంటే మంచి పెట్టుబడి ఈ పనిలో లేదు. లెక్క ఇలా: 27ను మూడుతో హెచ్చిస్తే 81. అందులోంచి గది వేడి తీసేయండి, మైదా వేడి తీసేయండి, గ్రైండర్ రాపిడికి మొదటి రోజు 6 తీసేయండి. మిగిలింది నీళ్ల వేడి. గది 34, మైదా 33 ఉంటే నీళ్లు 8 డిగ్రీలు ఉండాలి. ఫ్రిజ్‌లో రాత్రంతా ఉన్న సీసా నీళ్లు దాదాపు అంతే ఉంటాయి. కుళాయి నీళ్లే వాడాలంటే 600 గ్రాముల్లో సుమారు 130 గ్రాములు ఐసు కావాలి, ఆ బరువును నీళ్ల బరువులోనే కలిపి తూచాలి. ఐసు పూర్తిగా కరిగాకే మైదాలో పోయండి. పిండి కలిపాక 27కు బదులు 28 వచ్చిందంటే మీ గ్రైండర్ రాపిడి 6 కాదు, 9. మర్నాటి లెక్కలో 9 తీసేయండి. రెండు రోజుల్లో మీ యంత్రం అంకె మీకు తెలిసిపోతుంది.

విప్పేసిన ఈస్ట్ పొట్లం పొయ్యి పైన అరలో ఉంచే అలవాటుంటే మానండి. గాలి చొరని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఇప్పుడు దారులు చూద్దాం.

మొదటిది మీ పిండి, మీ కొలత అలాగే ఉంచి వేళలు మార్చడం. మీ గ్రైండర్‌లో ఎలాగూ కిలోకు మించి పట్టదు. రెండు వాయిలు కలపక తప్పనప్పుడు రెండూ ఒకేసారి ఎందుకు కలపాలి? నాలుగున్నరకు మొదటి కిలో. పావుగంటలో కలపడం అయిపోతుంది. 34 డిగ్రీల గదిలో 45 నుంచి 50 నిమిషాల్లో రెట్టింపవుతుంది. అయిదున్నర దాటాక బ్రెడ్డులు చుట్టి టిన్నుల్లో పెట్టండి, ఆరుంబావు, ఆరున్నర మధ్య ఓటీజీలోకి. బ్రెడ్డులు చుట్టేసి చేతులు ఖాళీ అయ్యాక, అయిదూ నలభైకి రెండో కిలో కలపండి. అది పావ్, బన్నుల కోసం. బ్రెడ్డు బయటికి వచ్చేసరికి ఏడవుతుంది. పావ్ ఏడుంబావుకు, బన్నులు ఏడూ ముప్పావుకు లోపలికి వెళ్లిపోతాయి. ఎనిమిదికి పొయ్యి ఆరిపోతుంది, బన్ను కూడా బ్రెడ్డంత వయసులోనే కాలుతుంది. ఇందులో చిక్కు ఒకటే: ఆ మూడున్నర గంటలూ ఒక మనిషి వంటింట్లోంచి కదలడానికి వీల్లేదు. బాక్సులు కట్టి పిల్లల్ని బడికి పంపే వేళ అది. మీరిద్దరు ఉన్నారు కాబట్టే ఈ దారి కుదురుతుంది, వేరుపడితే కుదరదు.

అంత పొద్దున్నే రెండోసారి గ్రైండర్ మోత వద్దనుకుంటే ఫ్రిజ్‌ను నమ్ముకోవచ్చు. రెండు వాయిలూ ఒకేసారి కలిపి, రెండో దాన్ని చల్లగా ఆపడమన్నమాట. అయితే పిండి ముద్దను గిన్నెలో అలాగే పెట్టి తలుపు వేస్తే లాభం లేదు. కిలోముప్పావు ముద్ద నడుమ చల్లబడడానికి కొన్ని గంటలు పడుతుంది, అంతసేపూ లోపల పొంగుతూనే ఉంటుంది. నూనె రాసిన వెడల్పాటి ట్రేలో రెండు సెంటీమీటర్ల మందాన పరచి, పైన కవరు కప్పి పెట్టండి. వేసవిలో ఆవకాయ జాడీలూ, మజ్జిగ గిన్నెలూ, నీళ్ల సీసాలతో కిక్కిరిసిన ఫ్రిజ్ ఒక్కోసారి 10 డిగ్రీలకు కూడా దిగదు, అది కూడా చూసుకోండి. బయటికి తీశాక పావుగంట ఆగి ఉండలు చేయాలి, లేకపోతే పైపొర చిరుగుతుంది.

రెండో దారి పిజ్జా సమస్యను కూడా తీరుస్తుంది, అది మీ ఇద్దరి మాటకూ మధ్యేమార్గం. పిజ్జా బేసులో పంచదారా, పాలపొడీ, వెన్నా మూడూ శత్రువులే. పొయ్యి వేడి పెంచితే అవి ముందు మాడతాయి, అడుగు కరకరలాడకముందే పైన నల్లబడుతుంది. తగ్గిస్తే బన్నులా మెత్తగా వస్తుంది. దీనికోసం ఇంకో వాయి కలపక్కర్లేదు. ఆదివారం మొదటి కిలోను రెండు దశల్లో కలపండి. ముందు మైదా, 580 గ్రాముల నీళ్లు, 18 ఉప్పు, 5 ఈస్ట్ మాత్రమే వేసి అయిదారు నిమిషాలు తిప్పండి. మొత్తం 1,600 గ్రాముల చిల్లర వస్తుంది. అందులోంచి 400 గ్రాములు, అంటే సరిగ్గా పావు వంతు, తీసి పక్కన పెట్టండి. దానికి ఒక చెంచా నూనె పట్టించి చేత్తో పిసికితే రెండు ఎనిమిదంగుళాల బేసులకు సరిపోతుంది. మిగిలిన ముప్పావు వంతుకు ముప్పావు వంతు తీపి: పంచదార 45, వెన్న 45, పాలపొడి 22, నీళ్లు 15. ఈ నాలుగూ ముందుగా ముద్దలా కలుపుకుని రెండు మూడు విడతల్లో వేయండి. వేసిన వెంటనే పిండి జారుగా, విడిపోయినట్టు కనిపిస్తుంది. పంచదార కరిగి నీరవుతుంది కాబట్టి అలా ఉంటుంది. కంగారుపడి మైదా చల్లొద్దు. మరో అయిదారు నిమిషాలు తిరిగితే మళ్లీ కూడుకుంటుంది. ఇందులోంచి 430 గ్రాముల చొప్పున మూడు బ్రెడ్డులు వస్తాయి.

పక్కన పెట్టిన ఆ తీపి లేని ముద్ద ఫ్రిజ్‌లో రెండు రోజులు నిలుస్తుంది, రెండో రోజుకే రుచి బాగుంటుంది కూడా. శనివారం తీసిపెట్టుకుంటే ఆదివారం పొద్దున హడావుడి ఉండదు. ఓటీజీని ఉన్నంత వేడికి, 230 లేదా 250కి, తిప్పి, ఖాళీ ట్రేను బోర్లించి లోపల 20 నిమిషాలు కాగనివ్వండి. బేసును ఫోర్కుతో పొడిచి ఆ ట్రే మీద 4, 5 నిమిషాలు. రంగు రాకముందే తీసేయండి, మిగతాది కొన్నవాళ్లింట్లో కాలుతుంది. ఈ ముద్దతోనే పెనం మీద కుల్చాలు వస్తాయి, వేలంత లావున చుట్టి కాలిస్తే సూప్ పుల్లలు వస్తాయి.

ఇదే పద్ధతి అటువైపు కూడా పనిచేస్తుంది. బన్నులు ఇంకాస్త తీపిగా, మెత్తగా కావాలనుకుంటే రెండో కిలోలోంచి 660 గ్రాములు తీసి, దానికి 18 గ్రాముల పొడి పంచదార, 18 గ్రాముల మెత్తటి వెన్న చేత్తో పట్టించండి. 58 గ్రాముల చొప్పున పన్నెండు బన్నులు. కొబ్బరీ టూటీఫ్రూటీ కూరిన దిల్‌పసంద్ చేయాలన్నా ఈ ముద్దే. ఒకే కొలతలోంచి మూడు రకాల పిండి తయారైందన్నమాట: చప్పనిది, నడిమిది, తియ్యనిది. తోటికోడలు అంటించిన నాలుగు కాగితాల్లో ఉన్న తేడా చాలావరకు ఇందులోకి వచ్చేస్తుంది.

మూడో దారి ఆమె చెప్పినట్టే నాలుగు కొలతలు. దీన్ని తప్పనడం లేదు. రకం రకానికీ తేడా స్పష్టంగా తెలుస్తుంది, ఒకటి చెడితే మిగతా మూడూ బతుకుతాయి. కానీ మీ లెక్కకు చూడండి. పిజ్జాకు కావాల్సింది పావుకిలో మైదా, బన్నులకు నాలుగు వందల గ్రాములు. అంత కొద్ది పిండి మీ గ్రైండర్ గిన్నెలో ఓ మూలకు అంటుకుని తిరుగుతుంది, సాగుడు రాదు. చేత్తో పిసకాల్సి వస్తుంది. నాలుగుసార్లు తూకం అంటే ఉప్పు మరిచిపోయే అవకాశం నాలుగింతలు. గిన్నెలు నాలుగు, కడగడం నాలుగుసార్లు. పైగా వేళలు సర్దుకోకపోతే నాలుగు పిండ్లూ కలిసి ఒక్క ఓటీజీ ముందు వరసకట్టి పులుస్తాయి, మళ్లీ అదే బన్ను పాడవుతుంది. ఆర్డర్లు పెరిగి, ఒక్కో రకానికి కిలో మైదా పట్టే రోజు వచ్చినప్పుడు ఆ కాగితాలే సరైన దారి. అందాకా వాటిని చింపకండి.

గోధుమ బ్రెడ్డు అడిగితే మాత్రం మీ కొలత అస్సలు పనికిరాదు. గోధుమపిండి నీళ్లు ఎక్కువ తాగుతుంది, 70 దాటి పోయాలి. అందులోని పొట్టు సాగుడును కోస్తుంది. నూటికి 30 వంతులు గోధుమపిండి, మిగతాది మైదా కలిపి మొదలుపెట్టండి. ఇక ఎగ్ పఫ్, కర్రీ పఫ్ అడిగేవాళ్లుంటారు. అవి ఈస్ట్ లేకుండా మడతలు వేసి చేసేవి, ఈ పిండి జోలికే రావు.

వేరుపడడం అన్న నాలుగో దారి గురించి ఎక్కువ రాయను. రెండు ఓటీజీలు, రెండు కరెంటు బిల్లులు, అవే అపార్ట్‌మెంట్లు. గొడవ పిండి గురించే అయితే ఆ ఖర్చు దండగ. గొడవ అత్తగారి ముందు పోయిన మాట గురించి అయితే ఓటీజీ కొన్నంత మాత్రాన అది తీరదు. ఉత్తరంలో మీరు రెసిపీ గురించి రాసినంత సేపూ ప్రశాంతంగా రాశారు, ఆ ఒక్క మాట దగ్గర మాత్రం కలం గట్టిగా నొక్కారు. అది మీరిద్దరే ఉన్నప్పుడు తనతోనే చెప్పండి: 'కొలత తప్పంటే విన్నాను, మోసమంటే నొచ్చుకున్నాను' అని. దాంతోపాటు పిజ్జా విషయంలో తనే రైటని కూడా చెప్పండి. పని పంచుకోవాలంటే బ్రెడ్డు, పావ్ మీ పేరు, పిజ్జా, లోపల కూరిన బన్నులు తన పేరు అనుకోవచ్చు. తను నేర్చుకు వచ్చింది చూపించుకునే చోటు తనకు దొరుకుతుంది. ఒప్పుకోకపోతే ఒక ఆదివారం బన్నులు రెండు విధాలా, తన కొలతతో ఆరు, మీ పిండితో ఆరు, ఒకే వేళకు కాల్చి, అడుగున గుర్తు పెట్టి అత్తగారికీ పిల్లలకూ ఇవ్వండి. ఎవరి బన్ను ఏదో చెప్పకుండా. ఫలితం మీకు ఎదురైతే ఒప్పుకునే ఓపిక ఉంటేనే ఈ పందెం వేయండి.

ఇక మిగిలిన లోపాలు.

పావ్ పొడిబారడం: 180 డిగ్రీల్లో 22 నిమిషాలు కాలుస్తున్నానన్నారు. 45 గ్రాముల ఉండకు అది చాలా ఎక్కువసేపు, లోపలి తడంతా పోతుంది. ఓటీజీని 200కు బాగా కాగనిచ్చి 12 నుంచి 14 నిమిషాల్లో తీసేయండి. ఉండల మధ్య వేలు పట్టేంత సందు వదిలితే పొంగి ఒకదానికొకటి ఆనుకుంటాయి, పక్కలు మెత్తగా ఉంటాయి. మెరుపు అడిగారు కదా, లోపల పెట్టేముందు పాలు పూయండి, బయటికి తీసిన మరుక్షణం వెన్న రాసి పల్చటి బట్ట కప్పండి. మెరుపూ వస్తుంది, పైపొర గట్టిపడదు.

బ్రెడ్డు 190లో 32 నుంచి 35 నిమిషాలు. థర్మామీటరు నడుమ గుచ్చితే 94 చూపాలి. వెంటనే టిన్నులోంచి తీసి జల్లెడ మీద పెట్టకపోతే ఆవిరి పట్టి పక్కలు లోపలికి కుంగుతాయి.

పొంగిందీ లేనిదీ గడియారాన్ని బట్టి తేల్చకండి. నేను రాసిన నిమిషాలు కూడా ఏప్రిల్ వంటింటివి, జులై వానల్లో మారతాయి. తడి వేలితో మెల్లగా నొక్కండి. గుంట వెంటనే పైకి లేస్తే ఇంకా ఆగాలి. నెమ్మదిగా, సగమే లేస్తే లోపల పెట్టే వేళ. అసలు లేవకపోతే దాటిపోయింది. దాటిపోయిన పిండిని బ్రెడ్డు చేయాలని చూడకండి. గాలి తీసి పల్చగా ఒత్తి పెనం మీద కాల్చండి, లేదా 200 గ్రాములు ఫ్రిజ్‌లో దాచి మర్నాటి కిలోలో కలపండి. పాలకు తోడులా అది కొత్త పిండికి రుచినిస్తుంది. ఉప్పూ నీళ్లూ దానిలో ఉన్నవి దానికి సరిపోతాయి కాబట్టి కొలత మార్చక్కర్లేదు. రెండు రోజులు దాటితే పారేయండి.

ఆ జిగురు బ్రెడ్డు మాత్రం వేరే సంగతి, అన్నిటికంటే దీన్నే గట్టిగా పట్టించుకోండి. ఇది ఈస్ట్ పులుపు కాదు. మైదాలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు పొయ్యి వేడికి చావవు, ఎందుకంటే బ్రెడ్డు నడుమ 100 డిగ్రీలకు చేరదు. మన వేడికీ ఉక్కకూ మర్నాటికి మేలుకుని లోపలి మెత్తదనాన్ని జిగురు చేస్తాయి. విరిచి మెల్లగా లాగితే సాలెగూడు దారాల్లా సాగుతుంది, పండు వాసన దానిదే. వేడిగా ఉండగానే కవర్లో కట్టేస్తే ఇది తొందరగా వస్తుంది. రెండు గంటలు పూర్తిగా చల్లారాకే కోయండి, కట్టండి. కత్తి, పలక, టిన్నులు, మైదా డబ్బా అన్నీ ఖాళీ చేసి కడిగి వెనిగర్ పూసి ఆరబెట్టండి. వేసవి అంతా కిలో మైదాకు రెండు చెంచాలు, అంటే 10 మిల్లీలీటర్ల వెనిగర్ వేయండి, రుచిలో తెలియదు. అలాంటి బ్రెడ్డును రస్కులు చేసి అమ్ముదామనుకోవద్దు, ఆ రోజు మిగిలిన పిండి ముద్ద కూడా దాచొద్దు. తిరిగిచ్చిన ఆవిడకు డబ్బు ఇచ్చేసి, కారణం చెప్పి, కొత్త బ్రెడ్డు పంపించండి. మంచి బ్రెడ్డులు మిగిలితే మాత్రం మర్నాడు ఒకటిన్నర సెంటీమీటర్ల మందాన కోసి 125 డిగ్రీల్లో మధ్యలో తిప్పుతూ ముప్పావు గంట ఉంచితే మంచి రస్కులు.

కొబ్బరి బన్నులో డొల్లకు కారణం తడి. పచ్చి కొబ్బరీ పంచదారా అలాగే కూరితే కాలేటప్పుడు ఆవిరి పుట్టి పైపొరను ఎత్తేస్తుంది, కొబ్బరి కిందికి జారుతుంది. లౌజు కట్టినట్టు చేతికి అంటకుండా ముద్దయ్యేదాకా దగ్గరపెట్టి, పూర్తిగా చల్లార్చండి. బన్నుకు 20 నుంచి 25 గ్రాములు చాలు. పిండిని అరచేతిలో ఒత్తేటప్పుడు నడుమ మందంగా, అంచులు పల్చగా ఉంచండి, మడిచాక కిందా పైనా సమానమవుతుంది. మడత అడుగున పెట్టండి. దాల్చినచెక్క పొడీ, పచ్చి వెల్లుల్లీ ఈస్ట్‌ను నెమ్మదింపజేస్తాయి, వాటిని పిండిలో కలపకుండా కూరులోనో, పైనో వాడండి.

గోంగూర చికెన్ బన్ను మీ తోటికోడలి ఆలోచన అన్నారు. గుంటూరులో అమ్ముడుపోకుండా ఉంటుందా! నడిమి పిండే దానికి సరి, తియ్యని ముద్ద వద్దు. చికెన్‌లో ఎముక లేకుండా, పులుసు ఏమాత్రం మిగలకుండా వేపుడులా ఇగరబెట్టండి. వేడి మీద కూరితే అక్కడి పిండి ముందే పొంగి చిరుగుతుంది, ఫ్రిజ్‌లో చల్లార్చి కూరండి. అన్నిటికంటే ముఖ్యం, గోంగూరకు పట్టే నూనె. మడత అంచుకు ఓ చుక్క అంటినా అది మళ్లీ అతుక్కోదు, పొయ్యిలో నోరు తెరిచి ట్రే అంతా ఎర్రగా కారుస్తుంది. కూరను జల్లెడలో అరగంట వార్చండి, చెంచాతోనే నడుమ పెట్టండి, అంచుకు తగిలితే పొడి బట్టతో తుడిచి, చిటికెడు మైదా అద్ది అప్పుడు మూయండి.